పులుపును దాచిపెట్టే దుకాణం

"ఐస్‌క్రీమ్ అయితే కొనేదాన్ని కాదు. ఇది పెరుగే కదా, మంచిదే. పైగా ఈ ఎండలో ఒళ్లు చల్లబడుతుంది." ఫ్రోజెన్ యోగర్ట్, అంటే ఐస్‌క్రీమ్‌లా గడ్డకట్టించిన తియ్యటి పెరుగు, అమ్మే దుకాణంలో నా ముందు నిలబడ్డ ఒకావిడ ఫోనులో ఎవరికో చెబుతున్న మాటలివి. పక్కనే ఏడెనిమిదేళ్ల కూతురు, రుచి చూడటానికి ఇచ్చే బుల్లి కాగితపు కప్పులో తెల్లటి సాదా రకం కాస్త పట్టుకుని నాలుక ఆనించింది. వెంటనే ముఖం చిట్లించి, "అమ్మా, ఇది పాడైపోయింది. పుల్లగా ఉంది" అంది. కౌంటరు వెనకున్న అబ్బాయి నవ్వి, "అది అలాగే ఉంటుందమ్మా. నువ్వు ఆ చివరున్న చాక్లెట్ తీసుకో" అని దారి చూపించాడు. తల్లికి కూడా ఆ సలహా నచ్చినట్టే ఉంది.

పెరుగు కాబట్టి మంచిదని లోపలికి వచ్చారు. పెరుగు రుచి తగలగానే పాడైపోయిందనుకున్నారు. దుకాణం మనిషేమో పెరుగు రుచి తెలియని వైపుకు పంపాడు. ఇందులో ఎవరినీ తప్పుపట్టను. పిల్ల తనకు తోచింది చెప్పింది, అబ్బాయి తన పని చేశాడు. కానీ ఈ వ్యాపారమంతా ఆ అర నిమిషంలోనే కనిపించింది నాకు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎండ మండే రోజున ఫ్రోజెన్ యోగర్ట్ తినడానికి గట్టి కారణం ఒక్కటే, దాని పులుపు. ఒళ్లు చల్లబడుతుందన్నదీ ఆరోగ్యానికి మంచిదన్నదీ సాకులే. మనిషి తీపి తినడానికి సాకులు వెతుక్కోవడం కొత్తేమీ కాదు, దాని మీద ఇంత వ్యాసం అక్కరలేదు. నా ఫిర్యాదు వేరు. ఈ రెండు సాకులు బలపడే కొద్దీ పులుపు కప్పు అడుగుకు పోయింది. సాకు చెప్పుకుని లోపలికి వచ్చిన మనిషికి ఆ పదార్థం మీద ఇష్టం ఉండాల్సిన పని లేదు. అది పెరుగన్న పేరు ఉంటే చాలు.

ఒళ్లు ఎంత చల్లబడుతుంది?

మొదటి సాకు సంగతి తేల్చుకోవడానికి హైస్కూలు భౌతికశాస్త్రం సరిపోతుంది. ఓ మోస్తరు కప్పులో 150 గ్రాములు పడుతుంది. యంత్రం నుంచి జారేటప్పుడు దాని ఉష్ణోగ్రత సున్నాకు ఆరేడు డిగ్రీలు తక్కువ. అందులో ఎక్కువ భాగం నీరే, ఆ నీటిలో సుమారు సగం సన్నటి మంచు పలుకులుగా ఉంటుంది. మంచు కరగడానికి గ్రాముకు 334 జౌళ్ల వేడి కావాలి (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం). అది కరిగి, మన ఒంటి వేడి అయిన 37 డిగ్రీలకు చేరేసరికి మొత్తం మీద 40 కిలోజౌళ్ల దాకా మన నుంచి లాగుతుంది. 60 కిలోల మనిషి ఒళ్లంతా ఒక్క డిగ్రీ చల్లబడాలంటే దాదాపు 210 కిలోజౌళ్లు బయటికి పోవాలి. అంటే కప్పు మొత్తం ఖాళీ చేస్తే దక్కేది డిగ్రీలో ఐదో వంతు, అదీ కాగితం మీద.

అంత వేడినీ చెమట ద్వారా వదిలించుకోవాలంటే 17 గ్రాముల చెమట ఒంటి మీద ఆరితే చాలు. ఎండలో బస్సు కోసం నిలబడ్డ మనిషి ఆ పని తనకు తెలియకుండానే చేసేస్తాడు.

కథ అక్కడితో అయిపోలేదు. 40 కిలోజౌళ్లంటే ఆహారం లెక్కలో 10 కేలరీలు కూడా కాదు. అదే కప్పు మనకు ఇచ్చేది, కొవ్వు లేని పుల్లటి రకమైతే సుమారు 150 కేలరీలు, తియ్యటి రకాలైతే 200 దాటుతుంది. తిన్నదాన్ని అరిగించుకోవడానికే శరీరం అందులో పదో వంతు దాకా ఖర్చు పెడుతుంది, ఆ ఖర్చంతా వేడిగానే తేలుతుంది. తొలి పావుగంటలో చల్లదనం ఇచ్చిన పదార్థం, తర్వాతి రెండు మూడు గంటల్లో అంతకంటే ఎక్కువ వేడిని పుట్టించి పోతుందన్నమాట. చల్లబడటం కోసమే అయితే చన్నీళ్లతో ముఖం, ముంజేతులు కడుక్కుని ఫ్యాను కింద కూర్చోవడం మేలు. దానికి ఈ దుకాణాల్లోలా తూకం వేసి డబ్బు కూడా తీసుకోరు.

కెనడాలోని ఒటావా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ప్రచురించిన ఒక ప్రయోగం ఇంకా ఇబ్బందికరమైన మాట చెప్పింది. సైకిలు తొక్కే మనుషుల చేత వేర్వేరు ఉష్ణోగ్రతల నీళ్లు తాగించి చూశారు. చల్లటి నీళ్లు తాగినవాళ్లకు చెమట తగ్గింది, వేడి నీళ్లు తాగినవాళ్లకు పెరిగింది. చెమట పూర్తిగా ఆరే పరిస్థితి ఉంటే, వేడి నీళ్లు తాగినవాళ్ల ఒంట్లోనే తక్కువ వేడి నిలవ ఉంది. లోపల చల్లగా తగలగానే శరీరం చెమట పట్టించే పనిలో కాస్త అలసత్వం చూపిస్తుందన్నమాట. గాలిలో తేమ ఎక్కువగా ఉండి చెమట ఆరకుండా కారిపోయేచోట ఈ సూత్రం పనిచేయదు. కాబట్టి ఎండలో వేడి నీళ్లు తాగమని ఎవరికీ సలహా ఇవ్వను.

నా వాదనకు అడ్డొచ్చే విషయం కూడా ఒకటుంది. ఎండలో పరుగెత్తే క్రీడాకారులు ముందుగా జావలా నలిగిన మంచు తాగితే ఒంటి లోపలి వేడి నిజంగానే తగ్గుతుంది, ఎక్కువసేపు పరుగెత్తగలుగుతారు. ఇది ప్రయోగాల్లో తేలింది. అయితే అక్కడ వాడింది శరీర బరువులో కిలోకు 7.5 గ్రాముల చొప్పున, అంటే 60 కిలోల మనిషికి 450 గ్రాముల నలిగిన మంచు. పెరుగు దుకాణంలో అంత తిన్న మనిషి పరుగు సంగతి మరిచిపోవచ్చు.

మరి మొదటి చెంచా నోట్లో పడగానే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుందే, అది అబద్ధమా? కానే కాదు. నోట్లో, గొంతులో చల్లదనాన్ని పసిగట్టే నాడులున్నాయి. ఆ నాడుల్లో చలిని గుర్తుపట్టే ప్రొటీన్‌ను గ్రాహకం అంటారు. పుదీనా నమిలినప్పుడు చల్లగా అనిపించేది కూడా దాని వల్లే. 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపౌటియన్ చేసిన పరిశోధనలలో అది కూడా ఒకటి. పుదీనా ఒంటి వేడిని చిటికెడు కూడా తగ్గించదు, అయినా హాయిగా ఉంటుంది. ఆ హాయిని నేను కాదనను. కాకపోతే ఆ హాయి మొదటి నాలుగైదు చెంచాలదే. ఆ తర్వాత నాలుక మొద్దుబారుతుంది. మిగతా ఉపశమనమంతా ఏసీది. అది కప్పు కొనకముందే మొదలైంది.

మంచిదన్న పేరు

రెండో సాకు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది. అమెరికాలో ఐస్‌క్రీమ్ అని పేరు పెట్టాలంటే కనీసం 10 శాతం పాల కొవ్వు ఉండాలన్నది నిబంధన. ఫ్రోజెన్ యోగర్ట్‌లో కొవ్వు సాధారణంగా అంతకంటే చాలా తక్కువ, కొన్నింటిలో దాదాపు ఉండదు. కొవ్వు తగ్గించుకోవాల్సినవాళ్లకు ఆ తేడా నిజమైనదే. అయితే ఐస్‌క్రీమ్‌కు ఉన్నట్టుగా ఫ్రోజెన్ యోగర్ట్‌కు ఆ దేశంలో కేంద్ర స్థాయి నిర్వచనం లేదు. ఏది పెరుగు, ఏది పెరుగు వాసన తగిలిన పాలపొడి అన్నది చాలావరకు తయారీదారు మనస్సాక్షికీ, రాష్ట్రాల నిబంధనలకూ వదిలేశారు. 2005లో కాలిఫోర్నియాలో మొదలై ఒక ఊపు ఊపిన పింక్‌బెర్రీ అనే ఫ్రోజెన్ యోగర్ట్ దుకాణాల గొలుసు మీద, అసలు అది అమ్మేది పెరుగేనా అని కొందరు కోర్టుకెక్కారు కూడా. ఆ వ్యాజ్యం 2008లో రాజీతో ముగిసింది.

పెరుగులో ఉండే మంచి బ్యాక్టీరియా సంగతి ఏమిటి? గడ్డకడితే అన్నీ చచ్చిపోతాయని కొందరు కొట్టిపారేస్తారు. అది సరికాదు. చలికి వాటిలో కొన్ని చస్తాయి, చాలావరకు పని ఆపేసి పడి ఉంటాయి, మళ్లీ వెచ్చదనం తగిలితే లేస్తాయి. అసలు తేడా సంఖ్యలో ఉంది. బతికున్న బ్యాక్టీరియా ఉందని చెప్పడానికి అమెరికాలోని పాల పదార్థాల పరిశ్రమ సంఘం ఇచ్చే ముద్ర కోసం మామూలు పెరుగులో తయారీ నాటికి గ్రాముకు 10 కోట్ల బ్యాక్టీరియా ఉండాలి, ఫ్రోజెన్ యోగర్ట్‌లో కోటి ఉంటే చాలు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర పడనివాళ్లకు పెరుగు బ్యాక్టీరియా దాన్ని అరిగించడంలో సాయపడుతుందని యూరప్ ఆహార భద్రత సంస్థ 2010లో ఒప్పుకుంది. అలా చెప్పుకోవాలంటే పెట్టిన షరతు, గ్రాముకు కనీసం 10 కోట్లు. ఫ్రోజెన్ యోగర్ట్ ముద్ర కోసం చాలన్నది అందులో పదో వంతు. దుకాణం గోడ మీద ముద్ర చూసి ధైర్యంగా తినే లాక్టోజ్ బాధితులు ఈ తేడాను మనసులో పెట్టుకుంటే మంచిది. చాలామందికి ఏమీ కాదు, నిజమే. కొందరికి అవుతుంది.

ఇక చక్కెర. దీన్ని ఊరికే తిట్టిపోయడం సులభం, కానీ దాని వైపు నుంచి కూడా చెప్పాల్సింది ఉంది. చక్కెర కలపని పెరుగును ఫ్రీజర్‌లో పెట్టి చూడండి, చెంచా దిగని రాయి బయటికి వస్తుంది. నీటి గడ్డకట్టే స్థాయిని కిందికి దించి, కొంత నీటిని కరిగిన స్థితిలోనే ఉంచేది చక్కెరే. ఆ మెత్తదనం, ఆ మెలిక తిరిగే నాజూకు దాని చలవే. ఇంకొకటి, చల్లటి నాలుకకు తీపి సరిగ్గా తెలియదు. తీపి కబురును మెదడుకు చేరవేసే మార్గంలో ఒక ప్రొటీన్ ఉంది, వెచ్చదనం ఉంటేనే అది చురుగ్గా పనిచేస్తుందని 2005లో తేలింది. కరిగిపోయిన ఫ్రోజెన్ యోగర్ట్‌ను కప్పు అడుగు నుంచి తాగి చూస్తే ఈ విషయం ఏ ప్రయోగశాలా అక్కరలేకుండా తెలుస్తుంది. గడ్డగా ఉన్నప్పుడు చక్కగా ఉన్నదే ఇప్పుడు పాకంలా గొంతుకు అడ్డం పడుతుంది. తీపి అప్పుడు కూడా అంతే ఉంది, మనకే తెలియలేదు.

కాబట్టి పుల్లటి సాదా రకంలో చక్కెర ఉండదని నేనేమీ చెప్పబోవడం లేదు. ఉంటుంది, తక్కువేమీ కాదు. పుల్లటిది ఆరోగ్యకరమని చెప్పి పాత సాకు స్థానంలో కొత్త సాకు తెస్తే ఈ వ్యాసం దండగ. నేను దాన్ని తినమనేది రుచి కోసం.

పెరుగు కాదని గొప్పలు పోయిన రోజులు

ఈ పులుపును దాచే పని ఇవాళ మొదలవలేదు. 1970లలో అమెరికాలో పెరుగును ఐస్‌క్రీమ్ యంత్రంలో వేసి అమ్మడం మొదలుపెట్టినప్పుడు, తిన్నవాళ్లు చేసిన ముఖ్యమైన ఫిర్యాదు ఇది మరీ పెరుగులా ఉందని. వ్యాపారులు విన్నారు. పులుపు తగ్గించారు, తీపి పెంచారు. 1981లో ఆర్కాన్సాస్ రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో మొదలైన టీసీబీవై గొలుసు దుకాణాలు ఆ దశాబ్దమంతా ఏలాయి. ఆ నాలుగక్షరాల వెనక మొదట ఉన్న పూర్తి పేరు 'దిస్ కాంట్ బి యోగర్ట్'. ఇది పెరుగంటే నమ్మలేం అని గర్వంగా బోర్డు మీద రాసుకున్నారు! ఇంకా విచిత్రం, దాదాపు ఇలాంటి పేరే ఉన్న మరో కంపెనీ, 'ఐ కాంట్ బిలీవ్ ఇట్స్ యోగర్ట్', ఆ పేరు తమదేనని కోర్టుకు వెళ్లింది. అప్పుడు టీసీబీవై అక్షరాలు అలాగే ఉంచి, పేరును 'ది కంట్రీస్ బెస్ట్ యోగర్ట్'గా మార్చుకుంది. పెరుగు అమ్మే రెండు కంపెనీలు, తమది పెరుగులా లేదని చెప్పుకునే హక్కు కోసం కొట్టుకున్నాయి. కొనేవాడికి కావలసింది పెరుగన్న పేరూ పెరుగు లేని రుచీ అని ఆ రెండింటికీ బాగా తెలుసు.

1990లలో ఆ ఊపు తగ్గింది. ఎందుకు తగ్గిందని ఎవరి సిద్ధాంతం వారిది. నాకు తోచేది, ఐస్‌క్రీమ్‌లా ఉండటమే దాని గొప్పతనమైతే, ఐస్‌క్రీమ్‌లో కూడా కొవ్వు తగ్గించిన రకాలు రాగానే దాని అవసరం తీరిపోతుంది. సొంత రుచి లేని వస్తువు మరొకటి వచ్చేదాకానే నిలుస్తుంది.

తర్వాత అది తిరిగి లేచింది ఎలాగంటే, పులుపుతోనే. 2002లో దక్షిణ కొరియాలో రెడ్ మ్యాంగో, 2005లో లాస్ ఏంజిలిస్ పక్కనున్న వెస్ట్ హాలీవుడ్‌లో పింక్‌బెర్రీ మొదలయ్యాయి. పింక్‌బెర్రీ మొదట్లో అమ్మినవి రెండే రుచులు, సాదాది ఒకటి, గ్రీన్ టీ ఒకటి. సాదాది స్పష్టంగా పుల్లగా ఉండేది. జనం దాని కోసం వీధి పొడవునా నిలబడ్డారు. అంతకు ముప్పై ఏళ్ల ముందు జనం వద్దన్నదే అప్పుడు వరుసల్లో నిలబడి కొన్నారు. మనుషులకు పులుపు నచ్చదని, పిల్లలు అస్సలు తినరని చెప్పే దుకాణదారులకు నా సమాధానం ఆ వరుసలే. పులుపును పులుపుగా పెడితే తినేవాళ్లు ఉన్నారు.

కానీ అదెంతో కాలం నిలవలేదు. వెంటనే స్వయంసేవ దుకాణాలు వచ్చాయి, గోడ పొడవునా యంత్రాలు, ఒక్కోదానికి మూడు మీటలు. రుచులు రెండు నుంచి పదీ పన్నెండుకు పెరిగాయి. కేకు, బిస్కట్, కాఫీ, పాకం. పుల్లటి సాదాది ఒక మూలకు చేరింది.

మీట మన చేతికిచ్చాక

స్వయంసేవ మీద నాకు పాత అనుమానం ఉంది. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో పిగ్లీ విగ్లీ అనే కిరాణా దుకాణం, కొనేవాళ్లే అరల నుంచి సరుకులు తీసుకునే పద్ధతి తెచ్చింది. అంతకుముందు జాబితా చెబితే గుమాస్తా కట్టి ఇచ్చేవాడు. కొనేవాడికి స్వేచ్ఛ పెరిగిందన్నది నిజం, అంతకుమించి బుట్ట బరువు పెరిగింది. పెరుగు దుకాణం ఈ పద్ధతిని చివరిదాకా తీసుకెళ్లింది. పరిమాణం కూడా మనదే, తూకం చివర్లో. ఎంత తీసుకోవాలో మనకే వదిలేశారు, కానీ ఎంత కప్పులో తీసుకోవాలో మాత్రం వాళ్లే నిర్ణయించారు. చిన్న కప్పు ఉండే ఉంటుంది. అడిగితే కౌంటరు కింద నుంచి తీసి ఇస్తారు.

పెద్ద కప్పులో పడిన చిన్న మెలిక దిక్కులేనిదానిలా కనిపిస్తుంది. ఒకే పరిమాణంలో ఉన్న వృత్తం చుట్టూ పెద్ద వలయం గీస్తే చిన్నదిగా తోస్తుందని బెల్జియంకు చెందిన డెల్‌బోఫ్ 1865లోనే చూపించాడు. ఇక్కడ ఒక జాగ్రత్త. పెద్ద గిన్నె ఇస్తే ఎక్కువ తింటారని చెప్పే ప్రసిద్ధ ప్రయోగాలు చాలావరకు కార్నెల్ విశ్వవిద్యాలయంలోని బ్రయాన్ వాన్‌సింక్ చేసినవి. 2018లో విశ్వవిద్యాలయ విచారణలో ఆయన పరిశోధనల్లో అక్రమాలు తేలాయి, ఆయన రాజీనామా చేశాడు, పత్రాలు చాలా వెనక్కి పోయాయి. కాబట్టి కప్పు పెద్దదైతే ఇంత శాతం ఎక్కువ తింటారని అంకె చెప్పే ధైర్యం నాకు లేదు. కంటికి చిన్నదిగా తోచడం మాత్రం ఎవరైనా చూసుకోవచ్చు.

ఆ దుకాణంలోనే ఇంకో సంగతి చూశాను. ఒక పెద్దాయన సాదా రకం మాత్రం రెండు మెలికలు తిప్పుకుని, పైన ఏమీ వేసుకోకుండా నేరుగా కాటా దగ్గరికి వచ్చాడు. కాటా మీద పెడితే అంకె కదలడానికి కాస్త ఆలోచించింది. తూకం వేసే అమ్మాయి మర్యాదగానే, "ఇంతేనా అండీ? టాపింగ్స్ ఏమీ వద్దా?" అంది. "చాలమ్మా" అన్నాడాయన. ఆ అమ్మాయి మళ్లీ, "పండ్లు తాజాగా ఉన్నాయండీ" అంది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వెనక వరుసలో ఉన్నవాళ్లందరి చేతుల్లో గోపురాలు. ఓ నిమిషం తటపటాయించి, వెళ్లి నాలుగు బెర్రీ పండ్లు వేసుకొచ్చాడు. ఎవరూ బలవంతం చేయలేదు, పట్టుమని పది మాటలు కూడా మాట్లాడలేదు. మీట మన చేతికిచ్చే దుకాణంలో ఒత్తిడి ఇంత మెత్తగా ఉంటుంది.

తూకం పద్ధతిలో ఒక న్యాయం మాత్రం ఉంది, అది ఒప్పుకోవాలి. యంత్రంలో మిశ్రమం గడ్డకట్టేటప్పుడు లోపలి రెక్కలు గాలిని కూడా చిలికి కలుపుతాయి. ఐస్‌క్రీమ్‌ను కొలతతో అమ్మితే ఆ గాలికి కూడా డబ్బు కడతాం. అందుకే అమెరికా నిబంధన గ్యాలన్ ఐస్‌క్రీమ్ కనీసం నాలుగున్నర పౌండ్లు తూగాలంటుంది. తూకంతో అమ్మేచోట గాలి ఉచితం. ఉబ్బెత్తుగా ఉన్న మెలికను చూసి మోసమనుకోనక్కరలేదు. ఖాళీ కప్పు బరువు తీసేస్తున్నారో లేదో మాత్రం చూసుకోవాలి.

కాటాను కదిలించేవి టాపింగ్స్. చాక్లెట్ ముక్కలు, కేకు తుంపులు, సాగే మిఠాయిలు గాలి లేనివి, బరువైనవి. పెరుగుకూ వాటికీ ఒకే ధర. కాబట్టి కప్పులో చేయి తిరిగే కొద్దీ కొంటున్నది పెరుగు కాకుండా పోతుంది. రుచి సంగతి ఇంకా ఘోరం. చాక్లెట్ పాకం పోసిన పుల్లటి పెరుగు రెండింటికీ చెడుతుంది, పాకం వెగటుగానూ, పెరుగు పాడైనట్టుగానూ తోస్తుంది. ఆ పాపకు అనిపించినట్టే. సాగే మిఠాయిల సంగతైతే చెప్పనక్కరలేదు. చలికి బిగుసుకుపోయి పళ్లతో కుస్తీ పడతాయి. వాటిని అక్కడ పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ వాళ్లు వాటిని అందులో వేసుకుని ఎప్పుడూ తిని ఉండరు.

ఎండ రోజున ఇంకో తమాషా జరుగుతుంది. జనం ఎక్కువైతే యంత్రానికి ఊపిరి తిరగదు. పైన తొట్టిలోని ద్రవం కింది గొట్టంలోకి దిగి, చలికి గోడకు అంటుకుని, రెక్కలు దాన్ని గీకి కలిపి గట్టిపరచాలి. దానికి వ్యవధి కావాలి. ఒకరి వెనక ఒకరు మీట లాగుతుంటే సగం గట్టిపడ్డదే జారిపోతుంది. ఆ రోజు చాక్లెట్ యంత్రం ముందు అదే జరిగింది, మెలిక నిలవకుండా కప్పులో చదునుగా పరుచుకుంది. ఎవరూ పెద్దగా ముట్టని సాదాది మాత్రం అంచులు తేలి, చెంచా గుచ్చితే నిలబడేంత గట్టిగా వచ్చింది. ఎండ రోజున మంచి ఫ్రోజెన్ యోగర్ట్ కావాలంటే జనం లేని మీట దగ్గరికి వెళ్లాలి.

పులుపు చేసే పని

ఇంతకీ పులుపులో ఏముంది? పులుపు తగలగానే నోరూరుతుంది. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం నాలుకను తాకగానే లాలాజలం పుడుతుంది. ఎండలో నడిచొచ్చినవాడి నోరు పిడచకట్టుకుని ఉంటుంది. అప్పుడు నోరు తడవడం కంటే పెద్ద ఉపశమనం ఏముంటుంది? తీపి దీనికి తిరగబడి పనిచేస్తుంది. చిక్కటి చాక్లెట్ రకం తిన్నాక పెదాలు జిగటగా ఉండి, ఐదు నిమిషాల్లో నీళ్లు కావాలనిపిస్తుంది. దుకాణం తలుపు పక్కన నీళ్ల సీసాలు ఊరికే పెట్టరు. పుల్లటిది తిన్నాక నోట్లో మిగిలేది శుభ్రమైన పదును. ఒళ్లు చల్లబడటం లెక్కల్లో తేలని మాటే అయినా, దాహం తీరినట్టు అనిపించడం పులుపు వల్ల నిజంగా జరుగుతుంది. ఎండ రోజుకూ ఫ్రోజెన్ యోగర్ట్‌కూ సరైన బంధం ఏదైనా ఉంటే అది ఇదే. విచిత్రమేమిటంటే దీన్ని ఏ దుకాణం గోడ మీదా రాయరు.

ఇదంతా చెబితే నా స్నేహితురాలు విసుక్కుంది. "నువ్వు తినేదాన్ని కూడా పరీక్ష పేపరు చేస్తావు. పిల్లలు రంగురంగులుగా వేసుకుని సంతోషపడితే నీకొచ్చిన నష్టం ఏమిటి?" అంది. నష్టం ఏమీ లేదు. ఆ పాపకు చాక్లెట్ ఇష్టమైతే చాక్లెట్ ఐస్‌క్రీమ్ తినడమే మేలని నా అభిప్రాయం. కొవ్వు ఉంటుంది కాబట్టి చాక్లెట్ రుచి అందులో బాగా పలుకుతుంది, నాలుక మీద నిలుస్తుంది. పెరుగులో చాక్లెట్ ఎప్పుడూ సగం గొంతుతో మాట్లాడుతుంది. మంచి చాక్లెట్ దక్కక, మంచి పెరుగూ దక్కక, ఆరోగ్యమన్న మాట ఒక్కటి దక్కితే ఆ పిల్లకు మనం ఇచ్చిందేమిటి? పైగా సాదాది పుల్లగా ఉండటం తప్పని ఆ రోజు నేర్చుకుని వెళ్లింది. మా వాళ్లింట్లో ఇంతకంటే పుల్లటివి పిల్లలు పోటీపడి చప్పరిస్తారు, పులుపు అని ముందే చెప్పి చేతికిస్తే. తీపి అనుకుని నోట్లో పెట్టుకున్నదే పాడైనట్టు ఉంటుంది.

స్నేహితురాలు ఇంకో మాట అంది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. "ఐస్‌క్రీమ్ తిన్నానని బాధపడేవాళ్లకు ఈ సాకు ఆ బాధను తగ్గిస్తుంది. అదీ ఒక మేలే కదా" అని. తిండి గురించి తమను తాము తిట్టుకునే మనుషులు నాకు తెలుసు. వాళ్లకు ఒక కప్పు ఏ బాధా లేకుండా దిగితే సంతోషమే. కానీ సాకు బాధను తీసేయదు, దాన్ని ఇంకో వస్తువు మీదికి తోస్తుందంతే. పెరుగు మంచిదని చెప్పుకున్నవాళ్లు తూకం దగ్గర అంకె చూసి మళ్లీ అదే బాధ పడటం చూశాను. అయినా ఈ విషయంలో నేను గట్టిగా పట్టుబట్టను.

వరుస తగ్గాక దుకాణం నడిపే ఆయన్ని అడిగాను, సాదాది అంత మూలకు ఎందుకు పెట్టారని. ఆయనకు నా ప్రశ్న వింతగా తోచినట్టుంది. "అది కదలదండీ. కదలకపోయినా యంత్రం కడగడం తప్పదు, ప్రతి భాగం విప్పి కడగాలి. పని అంతే, అమ్మకం సగం" అన్నాడు. యంత్రానికి రెండు రుచులు, మధ్య మీట లాగితే రెండూ కలిసి వస్తాయి. సాదాదాన్ని ఆయన పాకం రుచితో జత కట్టాడు. అక్కడికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది లాగేది మధ్య మీటేనట. అంటే అమ్ముడైన కాస్త పులుపు కూడా పాకంలో కలిసే బయటికి వెళుతోంది. ఆయన లెక్కలో తప్పు లేదు, అద్దె కట్టాల్సింది ఆయన.

నేను అడిగింది చిన్న మార్పు. సాదాదాన్ని పాకంతో కాకుండా ఏదైనా పుల్లటి పండు రుచితో, నిమ్మ గానీ బెర్రీ గానీ, జత కట్టమని, దాన్ని తలుపు పక్కనున్న మొదటి యంత్రంలో పెట్టమని, 'పుల్లగా ఉంటుంది' అని పెద్ద అక్షరాలతో రాయమని. అప్పుడు మధ్య మీట లాగినవాళ్లకు కూడా పులుపే వస్తుంది. "పుల్లగా ఉంటుందని రాస్తే ఉన్నవాళ్లు కూడా పోతారండీ" అన్నాడు. పింక్‌బెర్రీ వరుసల గురించి చెప్పాను. "అది కొత్తగా వచ్చినప్పటి మాట" అన్నాడు. ఎండలు ఇంకా ఉన్నాయి కదా, ఒక్క వారం పెట్టి చూడమన్నాను. నిమ్మ మిశ్రమం దొరుకుతుందేమో సరఫరాదారును అడుగుతానన్నాడు. చేస్తాడని నమ్మకం లేదు, కానీ కాదని మాత్రం అనలేదు.